రైతు దేనిని వదులుకుంటారు? వరి రకాల రూపకల్పనలో వినిమయ ప్రాధాన్యాల పాత్ర

వరి రకాన్ని ఎంచుకునే రైతు ఏ ఒక్క లక్షణాన్నో ఎంచుకోరు. దిగుబడి, పంటకాలం, గింజ సన్నదనం, తెగుళ్లను తట్టుకునే శక్తి, చేను పడిపోని గుణం, అన్నం రుచి, గడ్డి నాణ్యత కలగలిసిన ఒక మూటను ఎంచుకుంటారు. ఆ మూటలో నచ్చినవాటితోపాటు నచ్చనివీ ఉంటాయి. బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) ఇందుకు చక్కని నిదర్శనం. దాని పంటకాలం దాదాపు 150 రోజులు. బాక్టీరియా ఎండాకు తెగులుకు, అగ్గి తెగులుకు అది సులభంగా లొంగుతుంది. అయినా దశాబ్దాల తరబడి తెలుగు నేలపై విస్తారంగా సాగులో నిలిచింది. గింజ నాణ్యత, అన్నం రుచి, వాటి మూలంగా బజారులో పలికే ధర కోసం రైతులు మందుల ఖర్చును, పొడవైన పంటకాలాన్ని భరించారు. ఒకటి పొందడానికి మరొకటి వదులుకోవడానికి సిద్ధపడిన ఈ తూకాన్నే వినిమయ ప్రాధాన్యం అని చెప్పవచ్చు.

ఈ తూకం అందరి చేతిలోనూ ఒకే విధంగా ఉండదు. కాలువ తల దగ్గర పొలం ఉన్నవారికి 150 రోజుల పంట భారం కాదు. శివారు భూముల్లో, బోరుబావుల కింద అదే రకం పొట్ట దశలో నీటికి కటకటపడితే ఆ పంటకాలమంతా నష్టపోవలసి వస్తుంది. ఎకరాకు ఇన్ని బస్తాలని మక్తా ఒప్పుకున్న కౌలు రైతు పంట పోయినా బాకీ మాత్రం మిగుల్చుకుంటారు. అందువల్ల ఎవరి తూకాన్ని ఆధారం చేసుకొని రకాలను రూపొందిస్తున్నామన్నది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు. ఈ తూకాన్ని కొలిచే విధానం, దాని నుంచి ఎన్ని రకాలు, ఎటువంటి రకాలు అవసరమో నిర్ణయించే తీరు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ప్రశ్న అడిగే తీరులోనే లోపం

క్షేత్ర సర్వేలలో తరచుగా వినిపించే ప్రశ్న "మీకు ఎటువంటి రకం కావాలి?" అన్నది. దీనికి వచ్చే జవాబు ముందే ఊహించదగినది: అధిక దిగుబడి, తక్కువ కాలం, సన్న గింజ, తెగుళ్ల నిరోధకత, పడిపోని గుణం. ఒక్కొక్క లక్షణానికి 1 నుంచి 5 వరకు ప్రాధాన్య సంఖ్య ఇమ్మంటే దాదాపు అన్నింటికీ 4 లేదా 5 వస్తుంది. ఈ జవాబులు అబద్ధం కావు, కాని ప్రజనన శాస్త్రవేత్తకు ఉపయోగపడవు. అన్నీ కావాలనడానికి రైతు చేతి నుంచి ఏమీ ఖర్చు కాదు. ఖర్చు లేనిచోట ప్రాధాన్యం బయటపడదు.

నిజమైన ఎంపికలో పరిస్థితి వేరు. విత్తన దుకాణం ముందు నిలబడినప్పుడు 40 బస్తాల దిగుబడి, 150 రోజుల కాలం ఉన్న రకం ఒకవైపు, 36 బస్తాల దిగుబడి, 120 రోజుల కాలం ఉన్న రకం మరొకవైపు ఉంటాయి. రెండింటిలోని మంచిని కలిపి తీసుకోవడం కుదరదు. కాబట్టి సర్వేలోని ప్రశ్న కూడా ఆ ఇరకాటాన్నే రైతు ముందు ఉంచాలి.

పద్ధతి నేపథ్యం

వస్తువు వినియోగదారుకు ఇచ్చే తృప్తి ఆ వస్తువు నుంచి కాక, అందులోని లక్షణాల నుంచి వస్తుందని ఆర్థికశాస్త్రవేత్త కెల్విన్ లాంకాస్టర్ 1966లో ప్రతిపాదించారు. అంతకు రెండేళ్ల ముందే, 1964లో, లూస్, ట్యూకీ అనే శాస్త్రజ్ఞులు అనేక లక్షణాల ఉమ్మడి ప్రభావాన్ని బట్టి ఒక్కొక్క లక్షణపు విలువను కొలవడానికి గణిత పునాది వేశారు. ఈ సూత్రాన్ని 1971లో పాల్ గ్రీన్, విఠల రావు మార్కెటింగ్ పరిశోధనలోకి తెచ్చారు. వినియోగదారుల వినిమయ విలువలను రెండేసి లక్షణాల పట్టికల ద్వారా కొలిచే విధానాన్ని రిచర్డ్ జాన్సన్ 1974లో ప్రచురించారు. కార్డులకు మార్కులు వేయించడానికి బదులు, వాటిలో ఒకదాన్ని ఎంపిక చేయించే ప్రయోగాలకు 1983లో లూవియర్, వుడ్‌వర్త్ దారి చూపారు. ఈ విధానాల సముదాయమే కంజాయింట్ విశ్లేషణ. పారిశ్రామిక వస్తువుల రూపకల్పన కోసం పెరిగిన ఈ పద్ధతి పంట రకాల విషయంలోనూ అంతే సహజంగా అమరుతుంది. పంట రకం కూడా లక్షణాల మూటే.

కార్డుల కూర్పు

మొదట రైతు ఎంపికను నిజంగా ప్రభావితం చేసే లక్షణాలను, ఒక్కొక్కదానికి వాస్తవంలో సాధ్యమైన స్థాయిలను నిర్ణయించాలి. ఉదాహరణకు నాలుగు లక్షణాలు తీసుకోవచ్చు. దిగుబడి ఎకరాకు 32, 36, 40 బస్తాలు. పంటకాలం 120, 135, 150 రోజులు. గింజ సన్నం లేదా దొడ్డు. తెగుళ్లను తట్టుకోవడం లేదా లొంగిపోవడం. దిగుబడిని 75 కిలోల బస్తాలలో చెప్పడం అవసరం. హెక్టారుకు ఇన్ని కిలోలని చెబితే రైతు ముందు లెక్క కట్టాలి, ఆ తర్వాతే తూకం వేయాలి. ఆ శ్రమలో జవాబు నాణ్యత పోతుంది.

ఈ స్థాయిలన్నిటి కలయికలు 3 × 3 × 2 × 2 = 36. పొలం గట్టు మీద 36 కార్డులను పోల్చి చూడమనడం సాధ్యం కాదు. ఇక్కడ వ్యవసాయ విద్యార్థులకు చిరపరిచితమైన పాక్షిక ఫ్యాక్టోరియల్ పద్ధతి అక్కరకు వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1940లలో ప్రవేశపెట్టిన ఆర్థోగోనల్ అమరికలలో ఒకదాన్ని ఉపయోగిస్తే 36 కార్డులకు బదులు 9 కార్డులు సరిపోతాయి. మూడేసి స్థాయిలున్న నాలుగు కారకాల 9 వరుసల అమరికలో రెండు కారకాలను రెండు స్థాయిలకు కుదిస్తే కావలసిన రూపం వస్తుంది. ఎరువుల మోతాదు ప్రయోగంలో మడులు ఎటువంటివో ఇక్కడ కార్డులు అటువంటివి; కొలిచే ఫలితం దిగుబడి కాక రైతు ఇష్టం.

అయితే పొదుపుకు మూల్యం ఉంది. 9 కార్డులతో లక్షణాల ప్రధాన ప్రభావాలను మాత్రమే అంచనా వేయగలం. రెండు లక్షణాల పరస్పర ప్రభావం వాటిలో కలిసిపోతుంది. తెగులు ముప్పు ఉన్నచోట దిగుబడికి ఇచ్చే విలువే మారుతుందని అనుమానం ఉంటే కార్డుల సంఖ్య పెంచక తప్పదు. పై ఉదాహరణలో అంచనా వేయవలసిన విలువలు 7 కాగా పరిశీలనలు 9 మాత్రమే. కాబట్టి ఒక్కొక్క రైతు ఫలితం మీద ఎక్కువ బరువు పెట్టకుండా, ఒకే విధమైన తూకం ఉన్నవారిని సమూహాలుగా చేర్చి విశ్లేషించడం మేలు.

అంశ విలువలు: ఒక ఊహాత్మక ఉదాహరణ

రైతులు కార్డులకు ఇచ్చిన మార్కుల నుంచి బహుళ ప్రతిగమన విశ్లేషణ ద్వారా ప్రతి లక్షణపు ప్రతి స్థాయికి ఒక అంశ విలువ వస్తుంది. విధానం స్పష్టం కావడానికి రెండు సమూహాల విలువలను ఊహించి చూడవచ్చు. ఇవి క్షేత్ర ఫలితాలు కావు.

మొదటిది శివారు భూముల సమూహం. వీరికి దిగుబడి 32 బస్తాలైతే 0, 36 అయితే 10, 40 అయితే 20. పంటకాలం 150 రోజులకు 0, 135 రోజులకు 25, 120 రోజులకు 40. దొడ్డు గింజకు 0, సన్న గింజకు 10. తెగుళ్లకు లొంగితే 0, తట్టుకుంటే 30. రెండవది కాలువ తల దగ్గరి సమూహం. వీరికి దిగుబడి విలువలు వరుసగా 0, 20, 35. పంటకాలం 150 రోజులకు 0, మిగిలిన రెండింటికీ 10. సన్న గింజకు 35, తెగుళ్లను తట్టుకుంటే 20.

ఈ అంకెలు చెప్పే విషయం గమనించదగినది. శివారు రైతులకు 32 బస్తాల నుంచి 40 బస్తాలకు పెరగడం వల్ల కలిగే విలువ 20. పంటకాలం 150 రోజుల నుంచి 135 రోజులకు తగ్గడం వల్ల కలిగే విలువ 25. అంటే పదిహేను రోజుల నీటి భద్రత కోసం వారు ఎకరాకు 8 బస్తాలు వదులుకోవడానికైనా సిద్ధమే. తలకాలువ రైతులకు అదే పదిహేను రోజుల విలువ 10 మాత్రమే. 40 బస్తాల నుంచి 36 బస్తాలకు తగ్గితే వారు కోల్పోయేది 15. కాబట్టి 4 బస్తాలు వదులుకొని పదిహేను రోజులు ఆదా చేసుకోవడానికి వారు ఒప్పుకోరు. "తక్కువ కాలం కావాలా?" అని విడిగా అడిగితే రెండు సమూహాలూ అవుననే అంటాయి. ఎంత వదులుకుంటారని అడిగినప్పుడే తేడా తేలుతుంది.

సగటు చేసే మోసం

ఇప్పుడు మూడు ప్రతిపాదిత రకాలను పరిశీలిద్దాం. మూడూ తెగుళ్లను తట్టుకునేవే. "క" రకానికి 40 బస్తాలు, 150 రోజులు, సన్న గింజ. "ఖ" రకానికి 36 బస్తాలు, 120 రోజులు, దొడ్డు గింజ. "గ" రకానికి 36 బస్తాలు, 135 రోజులు, సన్న గింజ. అంశ విలువలను కూడితే శివారు సమూహానికి "క" 60, "ఖ" 80, "గ" 75 అవుతాయి. తలకాలువ సమూహానికి అవే వరుసగా 90, 50, 85.

రెండు సమూహాల సంఖ్య సమానమనుకొని సగటు తీస్తే "క"కు 75, "ఖ"కు 65, "గ"కు 80 వస్తాయి. సగటును నమ్ముకున్న కమిటీ "గ" రకాన్నే ఎంపిక చేస్తుంది. కాని మూడు రకాల విత్తనాలూ దుకాణంలో పక్కపక్కనే ఉంటే శివారు రైతులు "ఖ"ను, తలకాలువ రైతులు "క"ను తీసుకుంటారు. సగటులో ప్రథమంగా నిలిచిన రకాన్ని మొదటి ఎంపికగా తీసుకునే సమూహం ఒక్కటీ లేదు. అందరికీ రెండవ స్థానంలో నచ్చేది ఎవరి పొలానికీ చేరకపోవచ్చు.

సమూహాల సంఖ్య సమానంగా లేనప్పుడు చిక్కు మరింత పెరుగుతుంది. నమూనాలో తలకాలువ రైతులు 80 శాతం ఉంటే "క" సగటు 84కు, "గ" సగటు 83కు చేరి, శివారు రైతులకు అన్నిటికంటే పనికిరాని రకమే ముందు నిలుస్తుంది. సులభంగా దొరికే రైతులను, అంటే రోడ్డు పక్క గ్రామాలవారిని, పట్టాదారులను, శిక్షణలకు క్రమం తప్పక వచ్చేవారిని మాత్రమే అడిగిన సర్వేలో జరిగేది ఇదే. కౌలు రైతులు, మహిళా రైతులు, వర్షాధార రైతులు నమూనాలో లేకపోతే వారి తూకం లెక్కలోకే రాదు.

ఎన్ని రకాలు చాలు?

అలాగని ప్రతి సమూహానికీ ఒక ప్రత్యేక రకం ఇవ్వడం పరిష్కారం కాదు. ప్రతి కొత్త రకానికీ బ్రీడర్ విత్తనం, మూల విత్తనం, ధ్రువీకరణ విత్తనం అనే గొలుసు మొత్తం నడవాలి. విత్తనోత్పత్తి పొలాల్లో స్వచ్ఛత కాపాడాలి. మిల్లులో వేర్వేరు పొడవుల గింజలు కలిస్తే నూక శాతం పెరుగుతుంది. కొనుగోలు కేంద్రంలో రకాల గుర్తింపు కష్టమవుతుంది. రకాల వైవిధ్యం పెరిగేకొద్దీ రైతు ఇష్టానికి దగ్గరవుతాం. విత్తన వ్యవస్థ ఖర్చుకూ దగ్గరవుతాం. ఇది కూడా ఒక వినిమయమే.

పై ఉదాహరణలో "గ" ఒక్కటే ఇస్తే శివారు సమూహం కోల్పోయేది 5, తలకాలువ సమూహం కోల్పోయేది 5. అంచనాలోని దోషం దీనికంటే ఎక్కువైతే ఒక రకంతోనే సరిపెట్టడం సమంజసం. "క" ఒక్కటే ఇస్తే శివారు సమూహం 20 కోల్పోతుంది. అప్పుడు రెండవ రకానికి అయ్యే ఖర్చు సబబే. కాబట్టి నిర్ణయానికి ప్రమాణం ఒక్కో రకానికి వచ్చిన సగటు మార్కు కాదు. ఒక రకాన్ని జాబితాలో చేర్చినప్పుడు లేదా తీసివేసినప్పుడు ఏ సమూహం ఎంత పొందుతుంది, ఎంత నష్టపోతుందన్నదే ప్రమాణం. ఈ విధంగా చూస్తే, ఇప్పటికే ఉన్న రకానికి అతి దగ్గరగా ఉన్న కొత్త రకం ఎంత మంచిదైనా జాబితాకు చేర్చేది స్వల్పమేనని తెలుస్తుంది.

ధర మారితే తూకం మారుతుంది

రైతు ప్రాధాన్యాలు స్థిరమైన అభిరుచులు కావు. అవి ధరను, నీటిని, కూలీల లభ్యతను అనుసరిస్తాయి. 2024-25లో వరికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు సాధారణ రకానికి రూ. 2,300, ఎ గ్రేడుకు రూ. 2,320. సాధారణ రకం 30 క్వింటాళ్లు పండితే, అంటే 40 బస్తాలకు, ఆదాయం రూ. 69,000. ఎ గ్రేడు ధరతో అదే ఆదాయం రావడానికి 29.74 క్వింటాళ్లు కావాలి. అంటే మంచి గింజ కోసం రైతు వదులుకోగలిగింది 26 కిలోలు, బస్తాలో మూడో వంతు.

2024 వానాకాలంలో తెలంగాణ ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాలుకు రూ. 500 బోనస్ ప్రకటించింది. బోనస్‌తో కలిపి రూ. 2,820 చేతికి వస్తే అదే రూ. 69,000 ఆదాయానికి 24.47 క్వింటాళ్లు చాలు. సాగు ఖర్చులో తేడా లేదనుకుంటే, రైతు ఇప్పుడు ఎకరాకు 5.5 క్వింటాళ్లు, అంటే 7 బస్తాలకు పైగా వదులుకొని సన్న రకం వేయగలరు. విత్తనంలో జన్యుపరంగా ఏమీ మారలేదు. ఒక్క ప్రకటనతో తూకం మారింది.

దీని నుంచి రెండు పాఠాలు తీసుకోవాలి. ఒకటి, ధరను కూడా కార్డుపై ఒక లక్షణంగా చేర్చాలి. అప్పుడు ధరలు మారినప్పుడు సర్వే మళ్లీ చేయకుండానే కొత్త ఎంపికలను అంచనా వేయవచ్చు. రెండు, సంకరణం నుంచి విడుదల వరకు ఒక రకానికి దాదాపు దశాబ్ద కాలం పడుతుంది. ఈనాటి ధరలకు తగిన ఒకే రకం మీద మొత్తం ఆశ పెట్టుకుంటే అది పొలానికి చేరేసరికి ధరలే మారిపోవచ్చు.

వదులుకోవలసిన అవసరాన్నే తొలగించడం

వినిమయ ప్రాధాన్యాల అసలైన ఉపయోగం ఉన్న రకాల మధ్య ఎంపికతో ముగియదు. రైతులను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తున్న వినిమయం ఏదో అది చూపిస్తుంది; ఆ ముడిని విప్పడం ప్రజనన శాస్త్రవేత్తల పని. సాంబ మసూరి గింజ కావాలంటే ఎండాకు తెగులును భరించాలన్న షరతును భారతీయ వరి పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కలిసి సడలించారు. మూడు నిరోధక జన్యువులను చేర్చి, గింజ గుణాన్ని నిలుపుతూ మెరుగైన సాంబ మసూరిని రూపొందించారు. మారుటేరులో పుట్టి తూర్పు భారతమంతటా పాకిన స్వర్ణ (ఎం.టి.యు. 7029) రకానికి ముంపును తట్టుకునే సబ్-1 జన్యు భాగాన్ని చేర్చిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. దాదాపు రెండు వారాల ముంపును తట్టుకునే ఈ రకం కోసం రైతు స్వర్ణలోని సుగుణాలను వదులుకోనక్కరలేదు. 2015లో విడుదలైన తెలంగాణ సోనా (ఆర్.ఎన్.ఆర్. 15048) ఎం.టి.యు. 1010, జె.జి.ఎల్. 3855 రకాల సంకరణం నుంచి వచ్చింది. సన్న గింజ కావాలంటే 150 రోజులు ఆగాలన్న పాత షరతును అది దాదాపు 125 రోజులకు తగ్గించింది. అగ్గి తెగులును కూడా తట్టుకుంటుంది.

ఈ మూడు రకాలూ కంజాయింట్ విశ్లేషణ నుంచి పుట్టినవి కావు. రైతుల ఇబ్బందిని దగ్గరగా చూసిన శాస్త్రవేత్తల అవగాహన నుంచి పుట్టాయి. అటువంటి అవగాహనను అంకెలలోకి తెచ్చి, ఏ ముడిని ముందు విప్పాలో వరుస నిర్ణయించడానికి ఈ పద్ధతి తోడ్పడుతుంది.

క్షేత్రంలో పాటించవలసిన జాగ్రత్తలు

కార్డులపై లక్షణాలు ఆరు దాటకూడదు. సంఖ్య పెరిగితే రైతు ఒకటి రెండింటిని మాత్రమే చూసి జవాబిస్తారు. అక్షరాలకు బదులు బొమ్మలు, నిజమైన వడ్లు, బియ్యం నమూనాలు వాడితే మేలు. జన్యుపరంగా అసాధ్యమైన కలయికలను కార్డుల్లో చేర్చరాదు. ఎంపిక ప్రయోగాల్లో "ఇవేవీ వద్దు, ఇప్పుడు వేస్తున్న రకమే చాలు" అన్న అవకాశం తప్పక ఉండాలి. అది లేకపోతే కొత్త రకాలపై లేని మోజు ఉన్నట్లు తేలుతుంది.

ఇంట్లో ఎవరిని అడిగామన్నది కూడా ముఖ్యమే. అమ్మకం చూసుకునేవారు ధరకు, వంట చేసేవారు అన్నం గుణానికి, పశువులను సాకేవారు గడ్డికి ఎక్కువ విలువ ఇవ్వవచ్చు. అందువల్ల స్త్రీ పురుషుల జవాబులను వేర్వేరుగా నమోదు చేయాలి. చివరగా, కార్డుపై చేసిన ఎంపికకు, పొలంలో చేసే ఎంపికకు తేడా ఉంటుంది. కార్డుల ఫలితాలను చిరుసంచుల ప్రదర్శనలతో పోల్చి చూడాలి. మరుసటి ఏడాది రైతు తన ఖర్చుతో ఏ విత్తనం కొన్నారో గమనించడమే గట్టి పరీక్ష.

ముగింపు

రకాల అభివృద్ధిలో దిగుబడి పరీక్షలకు ఉన్న స్థానం ఎప్పటికీ ఉంటుంది. రకం ఏమి ఇవ్వగలదో అవి చెబుతాయి. రైతు దేనిని వదులుకోగలరో, దేనిని వదులుకోలేరో అవి చెప్పలేవు. ఆ రెండవ సమాచారం లేకుండా విడుదలయ్యే రకం పరిశోధన స్థానపు మడిలో నెగ్గి, శివారు పొలంలో ఓడిపోవచ్చు. తొమ్మిది కార్డులు, ఒక పూట సమయం, నమూనాలో కౌలు రైతుకు, శివారు రైతుకు తగిన చోటు ఉంటే ఈ సమాచారం విస్తరణ శాస్త్రవేత్తల అందుబాటులోనే ఉంది. సంకరణానికి తల్లిదండ్రులను ఎంపిక చేసే దశలోనే దానిని సేకరించాలి. విడుదలకు సిద్ధమైన రకాన్ని ముందు పెట్టి అభిప్రాయం అడిగితే అప్పటికి మార్చడానికి మిగిలేది స్వల్పం.